వీపు మీద పేరు

కూతురు ఏ ఆట ఆడుతుందో కూడా తెలియని తండ్రట! ఆఖర్న స్టేడియంలో కూర్చుని భోరున ఏడుస్తాడట! అలాంటి దద్దమ్మ ఎక్కడైనా ఉంటాడా? ఇంటర్వెల్‌లోనే పక్క సీటతను సినిమా ముగింపు చెప్పేస్తే, లేచొచ్చేశాను.

నూజివీడులో ముప్పై ఏళ్లుగా మామిడికాయల వ్యాపారం నాది. ముచ్చిక చూసి కాయ ఏ తోటదో చెప్పేస్తాను. నాకు కథలు చెబుతారా?

మర్నాడు పొద్దున్నే చూద్దును కదా, మా ఆవిడ సుభద్ర చీర మీద నీలం జెర్సీ తొడుక్కుని, కాళ్లకి స్పోర్ట్స్ షూ వేసుకుని, గుమ్మంలో ఆటో కోసం నిలబడింది.

"ఏంటీ వేషం? పది అడుగులు పరిగెత్తలేనివాళ్లంతా జెర్సీలే! ఎవడో క్రికెటర్ పేరు వీపు మీద మోసుకు తిరగడానికి సిగ్గుండక్కర్లా?" అన్నాను.

సుభద్ర అటు తిరిగి ఆటోకి చెయ్యెత్తింది. అప్పుడు కనిపించింది, వీపు మీద పేరు. సాహితి. మా అమ్మాయి.

"దాని పేరెందుకుంది?"

"ఇవాళ ఏలూరులో ఖోఖో ఫైనల్ అండీ. మూడేళ్లుగా ఆడుతోంది. ఈసారి చూడ్డానికి రమ్మని, అమ్మకొకటి, నాన్నకొకటి చేయించింది."

"మరి నాదేదీ?"

సుభద్ర ఆటో ఎక్కి కూర్చుంది.

"మొన్న మీ కుర్చీలో పెట్టింది. మీరు మడతైనా విప్పకుండా, కాయల సొన తుడవడానికి తోటకి పట్టుకెళ్లారు."