యాభయ్యో గంట

ఆళ్లగడ్డ నుంచి తెచ్చిన కొత్త ట్రాక్టరుకు మొదటి యాభై గంటలు గట్టి పని చెప్పకూడదని కంపెనీ పుస్తకంలో రాశారు. నాయనకు చదువు రాదు. అందుకే నేను రోజూ మడ్‌గార్డు మీద కూర్చుని, ఏ గేరులో ఎంత వేగం పోవాలో చదివి చెప్తున్నాను. యాభై నిండినాక నంద్యాల కాలేజీకి పొమ్మన్నాడు.

బండి నడిచిన గంటలు లెక్కపెట్టే మీటరు నలభై తొమ్మిది దగ్గర ఆగి వారమైంది. తాళం నాయన మొలతాడుకే వేలాడుతోంది. కాలేజీలో చేరడానికి రేపే ఆఖరు.

"బండి తియ్యవేంది నాయనా?"

"తీస్తే నువ్వు పోతావు గదమ్మా. ఈడ నాకు చదివి చెప్పేదెవురు?"

పుస్తకం తెరిచి, వేలు పెట్టి చదివాను. "కొత్త ఇంజన్ను వారం కంటే ఎక్కువ నిలబెడితే పట్టేస్తాదంట నాయనా."

నాయన గబుక్కున లేచి తాళం విప్పాడు.

నేను వేలు పెట్టిన చోట ఆ మాటే లేదు.