కొత్త గని కోచ్

బంతి మెల్లగా దొర్లుకుంటూ వచ్చి అంజి కాళ్ల మధ్య నుంచి గోల్‌లోకి వెళ్లిపోయింది.

గ్రౌండంతా గొల్లున నవ్వింది.

పాత గని టీంకు అది ఐదో గోలు. పాత గని మనిషైన పోశం ఎగిరి గంతెయ్యాలి. కానీ అవతల కొత్త గని గోలీగా, గోల్ కాపలాకు, నిలబడ్డది సొంత అల్లుడాయె! నవ్వాలో ఏడవాలో తెలియక కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"నీ అల్లుడు మన టీంకే ఆడుతున్నట్టున్నది పోశమన్నా!" పక్కనున్న గట్టయ్య తొడ చరుచుకుని నవ్వాడు.

"ఊకో రాదు," అన్నాడు పోశం. తెల్లారకముందే లేచి మొదటి షిఫ్టు చేసొచ్చిన ఒళ్లు. మాటకు మాట అనే ఓపిక లేదు.

గట్టయ్యకు ఆట కన్నా అవతలి టీం సంగతులంటేనే సంబరం.

"ఆ కాంట్రాక్టర్ రాయమల్లు ఈ యేడు పైసలు నీళ్లలెక్క పోస్తున్నడు. అందరికి కొత్త బూట్లు, ఏసీ బస్సు, దినాం బిర్యానీ. హైదరాబాద్ నుంచి నలుగురు ఆటగాళ్లను పట్టుకొచ్చిండు. ఆ కోచేమో వాళ్లను బెంచి మీద కూసోబెట్టి బత్తాయిలు తినిపిస్తడు! ఆడేటోళ్లను జూడు. ఒకడు కుంటుతడు, ఒకడు దగ్గుతడు."

"ఎక్కడోడు ఆ కోచ్?"

"ఎవనికి తెలుసు! రాజం అంటరు. మ్యాచ్‌కో కొత్త మొఖాన్ని దించుతడు. రెండేండ్ల సంది ఓడుడే. ఇంకో పదేండ్లు గిట్లనే ఉండాలె, మనకు మంచిదే!"

అందరూ నవ్వారు. పోశానికి తల కొట్టేసినట్టయింది.

గనిలోకి దిగేటప్పుడు ఇవే నవ్వులు, ఎక్కేటప్పుడు ఇవే. ఇంటికి పోతే ఇంకో దిగులు. అంజి బదిలీ వర్కర్. ఎవరైనా డ్యూటీకి రాకపోతేనే అతనికి పని. ఏడాదిలో నూట తొంభై మస్టర్లు, అంటే అన్ని రోజుల హాజరు పడితేనే పర్మినెంటు. ఎండాకాలంలో కామెర్లతో రెండు నెలలు మంచాన పడ్డాడు. తర్వాత సకల జనుల సమ్మెలో మరో నెల పోయింది. ఏడాది చివరికొస్తోంది.

"ఈ యేడన్న పర్మినెంటు గాకుంటే ఎట్ల బాపు?" అని కూతురు రమ అడిగినప్పుడల్లా పోశానికి ముద్ద దిగదు.

వీడేమో పని కోసం తిరగకుండా, దీపావళి నుంచీ ఆటల క్యాంపులో కూర్చుని బిర్యానీ తింటున్నాడు!

"రాజం సారు రమ్మన్నడు మామా," అంటాడు అడిగితే. అంతకు మించి నోరు విప్పడు.

మ్యాచ్ అయ్యాక అందరూ హోటల్ దగ్గర చాయ్ తాగుతుంటే రాయమల్లు జీపు వచ్చి ఆగింది. వెనక సీట్లోంచి బంతుల సంచీతో రాజం దిగాడు. బక్క మనిషి. వెలిసిన టోపీ.

"ఆట తెల్సినోళ్లు మీరే చెప్పుండ్రి," అన్నాడు రాయమల్లు. "ఇంత ఖర్చు పెట్టిన. తప్పు యాడున్నది?"

పోశానికి ఇన్నాళ్ల ఉక్రోషం తన్నుకొచ్చింది.

"తప్పు మీ కోచ్ దగ్గరనే ఉన్నది సారూ. అంజి నా అల్లుడే, అయినా చెప్తున్న. బంతి ఎటు నుంచి వస్తదో వానికే తెల్వది. అసొంటోన్ని గోలీగ నిలబెట్టినోడు కోచ్ ఎట్లయితడు? వాన్ని ఇంటికి పంపుండ్రి, డ్యూటీ చేసుకుంటడు. మా ఇజ్జత్ తియ్యకుండ్రి."

రాజం రెండడుగులు ముందుకు వేశాడు.

"ఇంకొన్ని రోజులు ఓపిక పట్టు పోశమన్నా."

"ఎందుకు పట్టాలె?"

రాజం ఒకసారి రాయమల్లు వైపు చూశాడు. సంచీ భుజం మార్చుకున్నాడు.

టీం ఖర్చంతా రాయమల్లుదే కాబట్టి మాట కూడా అతనిదే. మర్నాడే కోచ్ మారాడు.

హైదరాబాద్ ఆటగాళ్లు దిగారు. కొత్త గని మూడు గోల్స్‌తో గెలిచింది. "మనకు మేలు చేసేటోన్ని తీసేయించినవ్ గదనే!" అని గట్టయ్య పోశాన్ని తిట్టాడు.

పోశం పట్టించుకోలేదు. అంజి ఇంటికొచ్చాడు, రోజూ గని గేటు దగ్గర నిలబడుతున్నాడు, అంతే చాలనుకున్నాడు. నిలబడ్డ రోజుల్లో సగానికి పైగా పని దొరక్క తిరిగొచ్చేవాడు.

ఏడాది ముగిసింది. పోశం కొత్త గని మస్టర్ ఆఫీసుకు వెళ్లాడు. క్లర్కు అబ్దుల్ వహాబ్ రిజిస్టరు తిప్పి వేలు పెట్టి చూశాడు.

"నూట ఎనభై మూడు. ఏడు తక్కువ పడ్డయ్ పోశం భాయ్. మళ్ల ఒకటి నుంచి మొదలు."

పోశం గోడకు ఆనుకున్నాడు. రమకు ఏం చెప్పాలో తోచలేదు.

"మూడు నెలలు ఇంట్ల ఉన్నోనికి అన్ని ఎట్ల పడ్డయ్ భాయ్?"

"క్యాంపుల ఉన్నన్ని రోజులు మస్టర్ పడ్తది గద. బదిలీవాళ్లకు గూడ."

పాత గనిలో బదిలీవాళ్లను ఎన్నడూ టీంలోకి తీసుకోలేదు. అందుకే క్యాంపు మస్టర్ల సంగతి పోశానికి తెలియదు.

"మరి అంజి ఒక్క మాటన్న చెప్పలేదేంది?"

"ఎవ్వరికీ చెప్పొద్దని రాజం సారు ఒట్టు పెట్టించుకున్నడు. కాంట్రాక్టర్‌కు తెలిస్తే ఊకుంటడా?"

పోశం సిగ్గుతో తల దించుకున్నాడు.

"ఆయన యాడుంటడు భాయ్?"

"పోయిండు. ఏ ఊరో ఎవరికీ తెల్వది." వహాబ్ రిజిస్టరు మూశాడు. "రెండేండ్లల్ల పద్నాలుగు మంది పర్మినెంటు అయ్యిండ్రు. టీం ఎంచాలంటే ఆయన గ్రౌండు దిక్కు చూసేటోడే కాదు, శనివారం శనివారం ఈడికొచ్చి, ఈ రిజిస్టరు ముందల కూసోని, ఎవనికి మస్టర్లు తక్కువున్నయో వాని పేరే రాసుకొని పోయేటోడు."