ఒక్క ఖాళీ

"అక్కా, ఖాళీ ఒక్కటే ఉంది. ఆరింటికల్లా పేరు రాసుకోవాలి. మీ అమ్మాయి సోమవారం నుంచి వస్తుందా, రాదా?"

ఫోనులో దుర్గాసాయి. గుండుగొలను దగ్గర రొయ్యల షెడ్డులో సూపర్‌వైజరు. ఆ షెడ్డులోనే పగటి షిఫ్టులో రొయ్యలు ఒలుస్తుంది నిర్మల.

"ఆట అయిపోనీ బాబూ. అవగానే నేనే చేస్తాను," అంది ఒక చెవి మూసుకుని. ఏలూరు గ్రౌండంతా కేకలతో హోరెత్తిపోతోంది.

"ఆటకీ పనికీ ఏంటక్కా సంబంధం?"

"ఉంది బాబూ," అని పెట్టేసింది.

ఉండడమేమిటి, ఉన్నదంతా అదే. కైకలూరు అమ్మాయిల ఫుట్‌బాల్ జట్టు ఈ ఏడాదే కింది డివిజన్‌లోంచి పై డివిజన్‌లోకి వచ్చింది. అత్తిలి జట్టూ అంతే. వచ్చిన దగ్గర్నుంచీ రెండూ అట్టడుగునే కొట్టుకుంటున్నాయి. ఇవాళ ఆఖరి ఆట ఆ రెండింటికే పడింది. కైకలూరు గెలిస్తే కైకలూరు పైన ఉంటుంది, అత్తిలి దిగిపోతుంది. గెలవలేకపోతే కైకలూరే దిగిపోతుంది. పైన నిలిచిన జట్టులో ఇంటర్ పాసైన పిల్లలకి ఏలూరు కాలేజీలో డిగ్రీ సీటు, హాస్టల్లో తిండీ ఉచితం. దిగిపోయినవాళ్లకి ఏమీ లేదు. నిర్మల కూతురు ఉషశ్రీ మొన్ననే ఇంటర్ పాసైంది.

వెనక మెట్టు మీద ఎవరో పెద్దమనిషి పల్లీలు నములుతూ అంటున్నాడు. "కింద నుంచి వచ్చిన జట్లంటే పిల్లచెరువులోంచి పెద్దచెరువులోకి దించిన చేపపిల్లలండీ. నాలుగు రోజులు ఈదుతాయి, అయిదో రోజు తెల్లారేసరికి తేలిపోతాయి."

నిర్మల పక్కన కూర్చున్నావిడ వెనక్కి తిరిగింది.

"అన్నీ తేలిపోతే మీరు రోజూ పులుసు ఎలా తింటున్నారండీ?"

చుట్టూ ఉన్నవాళ్లు గొల్లుమన్నారు. పెద్దమనిషి పల్లీల పొట్లంలోకి తల దించేశాడు.

"భలే అన్నారండీ," అంది నిర్మల. "నా పేరు నిర్మలండి. ఆ తొమ్మిదో నంబరు మా అమ్మాయే."

"నా పేరు కుసుమకుమారి అండి," అని నవ్విందావిడ. గంజి పెట్టిన నేత చీర, నున్నగా దువ్విన జడ. టీచరమ్మ అయ్యుంటుంది అనుకుంది నిర్మల. అనుకోగానే చేతులు కొంగులో దాచుకుంది. ఐసునీళ్లలో నాని నాని వేళ్లన్నీ పగిలిపోయి ఉన్నాయి. చదువుకున్నావిడ చూస్తే ఏం బాగుంటుంది? ఆవిడా కొంగు నిండుగా కప్పుకునే కూర్చుంది. మజ్జిగ సీసా అందించినప్పుడు కూడా కొంగుతోనే పట్టుకుని అందించింది.

"తాగండి. పొద్దున్నుంచీ ఏమీ తిన్నట్టు లేరు."

"దిగదండి. ఇవాళ గెలవకపోతే నా పిల్ల చదువు కూడా నా చదువులాగే నడిమధ్యలో ఆగిపోద్దండి."

ఆవిడ సీసా మూత బిగిస్తూ గ్రౌండు వైపు చూసింది. "పిల్లల కష్టం ఊరికే పోదు లెండి," అంది.

ఇంకా రెండు నిమిషాలే. గోల్ పడలేదు. పడనివ్వడం లేదు అత్తిలి గోల్‌కీపర్. బక్కపిల్ల, చేతుల కన్నా గ్లౌజులే పెద్దవి. బంతి ఎటు వచ్చినా అటే ఎగిరి పట్టేస్తోంది. అంతలో ఉషశ్రీ గోలు ముందుకి దూసుకుపోయింది, ఎవరి కాలో తగిలి బోర్లా పడింది. విజిల్. పెనాల్టీ.

నిర్మల కళ్లు గట్టిగా మూసుకుంది. పక్కన మనిషి ఉందన్న ధ్యాస కూడా లేకుండా పైకే ప్రార్థన చేసేసింది. "ప్రభువా, ఆ పిల్ల చేతులు ఒక్క క్షణం కట్టెయ్యి తండ్రీ. ఒక్క క్షణం."

గ్రౌండు ఒక్కసారిగా దద్దరిల్లింది. కళ్లు తెరిచేసరికి బంతి వలలో ఉంది. కైకలూరు పిల్లలు ఉషశ్రీని భుజాలకెత్తుకున్నారు. గోల్‌కీపర్ పిల్ల పడినచోటే ముడుచుకుపోయి ఉంది.

"నిలబడ్డామండీ!" నిర్మల పక్కావిడని వాటేసుకుంది. ఆవిడ కర్రలా నిలబడిపోయింది. కాసేపటికి మెల్లగా నిర్మల వీపు నిమిరింది.

"మీ అమ్మాయిని బాగా చదివించండి. మధ్యలో ఆపకండి."

అంతే. గబగబా మెట్లు దిగి, ఫోను చెవిన పెట్టుకుని జనంలో కలిసిపోయింది. సందేహం లేదు, టీచరమ్మే అనుకుంది నిర్మల.

ఉషశ్రీ మట్టికాళ్లతో పరిగెత్తుకొచ్చింది. "అమ్మా, సీటొచ్చేసింది! నేను కాలేజీకెళ్తున్నా!" అని, అంతలోనే గొంతు తగ్గించింది. "ఆ గోల్‌కీపర్ శ్రీలేఖ లేదూ, మొహం మీంచి గ్లౌజులు తియ్యట్లేదమ్మా. నాకెందుకో బాధేసింది."

"ఆటన్నాక ఎవరో ఒకరు ఓడాలి కదమ్మా. రేపటికి మర్చిపోద్ది లే," అంది నిర్మల, కూతురి మోకాలి మట్టి దులుపుతూ.

అప్పుడు గుర్తొచ్చింది. ఆరు కావడానికి ఇంకా పది నిమిషాలుంది. ఫోను తీసింది. ఈ మాట తన నోటితో చెప్పే రోజు వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు.

"దుర్గాసాయీ, మా అమ్మాయి రాదు బాబూ. డిగ్రీలో చేరుతుంది. ఖాళీ ఇంకెవరికైనా ఇచ్చుకో."

"ఇచ్చేశానక్కా, ఇప్పుడే నిండిపోయింది. రాత్రి షిఫ్టులో రొయ్యలొలిచే మన అత్తిలి కుసుమకుమారి గారు ఫోన్ చేసి వాళ్ల శ్రీలేఖ పేరు రాయించారు. గోల్‌కీపరంట, చేతులు భలే చురుకంట."