దారికి పిప్పర్‌మెంట్ అంచు

"గడ్డి వేయమంటే ఈ తుప్పలేంటయ్యా?"

ఇంటాయన కూతురు నడుం మీద చేతులేసుకుని నిలదీసింది.

"పిప్పర్‌మెంట్ అమ్మా, పుదీనా లాంటిదే. నేలంతా తనే పరుచుకుంటుంది" అన్నాడు తోటమాలి.

"పరుచుకుని నా గులాబీలని మింగుతుంది."

"అటు పోకుండా రేకులు పాతానమ్మా. ఈ రాళ్ల దారికి రెండు పక్కలా ఉండనివ్వండి చాలు."

నర్సరీ నుంచి వచ్చానంటూ మూడు నెలల క్రితం పనిలో చేరాడు. పని రాక్షసుడే, కానీ చెప్పిన మాట వింటేగా.

ఆమె భయం ఆమెది. ఫ్యాక్టరీలో యాసిడ్ పడి తండ్రి చూపు పోయి ఏడేళ్లు. గది దాటని మనిషి ఈమధ్యే ఒంటరిగా గేటు దాకా నడుస్తున్నాడు. చూసినప్పుడల్లా ఆమె ప్రాణం గిలగిల్లాడుతోంది.

"కళ్లు లేని మనిషి తిరిగే చోటు. కాలికి చుట్టుకుని పడితే నువ్వొచ్చి లేపుతావా?"

అతని ముఖం పాలిపోయింది.

"రేపట్నించి రావొద్దులే."

అతను తండ్రి గది కిటికీ వైపు కాసేపు చూసి, చేతులు కడుక్కోకుండానే వెళ్లిపోయాడు.

తండ్రి నిద్రపోతుండగా ఆమె పిప్పర్‌మెంట్ మొత్తం పీకి పారేసింది. పీడా పోయిందనుకుంది.

మర్నాడు పొద్దున్నే తండ్రి గులాబీల మీద పడ్డాడు. నుదురు చీరుకుపోయింది.

"వాసనేదమ్మా?" అన్నాడు, ఆమె లేవదీస్తుంటే.

"ఏం వాసన నాన్నా?"

"అడుగు పక్కకి పడితే ఆకు నలిగి గుప్పుమనేది. మళ్లీ రాళ్ల మీదికి వచ్చేసేవాణ్ణి. నువ్వు ఆఫీసుకెళ్లాక తోటమాలి రోజూ నడిపించి నేర్పాడు."

ఆమె పిప్పర్‌మెంట్ పీకిన తన చేతులు చూసుకుని ఏడ్చేసింది.

కట్టు కట్టించి, నర్సరీకి పరుగెత్తింది.

"అలాంటి పనివాడు మాకు లేడమ్మా" అన్నాడు నర్సరీ యజమాని. "ఒకాయన పిప్పర్‌మెంట్ నారు మాత్రం కొనుక్కెళ్లాడు. ఎలా నాటాలో కూడా మమ్మల్నే అడిగి కాగితం మీద రాసుకున్నాడు."

ఇంటికొచ్చి తండ్రి పక్కన కూలబడింది.

"అతను తోటమాలే కాదట నాన్నా. ఎవరో, ఎక్కడుంటాడో. ఏమని వెతకను?"

తండ్రి తడుముకుంటూ ఆమె చెయ్యి అందుకున్నాడు.

"తోటమాలి కాదని తెలుసమ్మా. మొదటి రోజే గొంతు పోల్చుకున్నాను. ఫ్యాక్టరీలో ఆ యాసిడ్ డబ్బా జారింది అతని చేతుల్లోంచే. ఆ మాట తనే చెబుతాడని, ఇన్నాళ్లూ ఏమీ ఎరగనట్టు అతని పక్కన నడిచాను."