ముళ్లపంది కాసిన పచ్చిక

వెలగకాయ దొర్లించి ఆడీ ఆడీ కుందేళ్లు అడవిలోని పచ్చికంతా బోడి చేశాయి. వానలకు మళ్లీ మొలకలొచ్చాయి. ఇప్పుడు తొక్కితే ఇక ఎప్పటికీ ఆట ఉండదని ముళ్లపంది కాపలాకు దిగింది.

"ఒక్క ఆట, బాబాయ్!" అన్నాయి పచ్చిక పక్క గట్టు మీద చేరిన కుందేళ్లు.

"కాలు పెట్టి చూడండి, ముళ్లు దిగుతాయి!"

కుందేళ్లు గట్టు దిగలేదు. అయినా ముళ్లపందికి నమ్మకం కుదరలేదు. పొద్దున్నా సాయంత్రం మొలకల నడుమ తిరుగుతూ వంగి వంగి చూసుకునేది.

పచ్చిక ఒత్తుగా లేచింది. నడిమధ్యన మాత్రం ఒక బోడి దారి మిగిలింది.

"ఎవర్రా తొక్కింది?" ముళ్లపంది ముళ్లు నిక్కబొడుచుకుంది.

"ఆ అడుగులు నీవే కదా, బాబాయ్!"

ముళ్లపంది తన కాళ్ల వంక చూసుకుంది. మెల్లగా గట్టెక్కి కుందేళ్ల పక్కకు చేరింది.

"కాస్త జరగండర్రా," అంది. "అదీ మొలిచాకే ఆట."