గోరంట్ల కూతురు

తలుపు తీసింది నాయన కాదు. ఎవరో ముసలాయన.

"ఎవురప్పా నువ్వు?" అన్నాడు నరసింహులు, చేతి సంచి దించకుండానే.

"నా పేరు కుళ్ళాయప్ప. రా సామీ, మీ నాయన లోపలుండాడు."

సొంత ఇంట్లోకి తననే ఇంకెవరో పిలవడం నరసింహులుకు నచ్చలేదు.

తాడిపత్రిలో బండల పాలిష్ ఫ్యాక్టరీలో అతని పని. అమ్మ పోయాక, గుమ్మఘట్ట దగ్గరి ఈ పల్లెలో నాయన తిమ్మన్న ఒక్కడే ఉంటున్నాడు. 2003 వేసవి అది. ఈసారి ఎట్లాగైనా నాయనను వెంట తీసుకుపోవాలని వచ్చాడు.

"ఎవురు నాయనా ఈయన?"

"మన మాదిరే గొర్లు కాసినోడు. కరువుకు మంద పోయింది. ఈడే ఉండమంటి."

మధ్యాహ్నం ముసలివాళ్ళిద్దరూ మంచం మీదే కూర్చుని ఒకే పళ్ళెంలో సంగటి తిన్నారు. అదీ చూశాడు నరసింహులు.

తిన్నాక మాట ఎత్తాడు.

"నాతో వచ్చేయ్ నాయనా. నీకు మోకాళ్ళ నొప్పులు. రేపు మంచాన పడితే ఎవురు చేస్తారు?"

"ఈడ బాగానే ఉండా."

"నీ కోడలే పిలుచుకోని రమ్మనింది. నీకని వాకిట్లో రేకుల గది కూడా ఏసినాం."

"చూద్దాం లేరా."

తిమ్మన్న కుళ్ళాయప్ప వైపు చూశాడు. కుళ్ళాయప్ప తల దించుకున్నాడు.

నరసింహులుకు అర్థమైనట్టే అనిపించింది. ముసలాయనను పెరట్లోకి పిలిచాడు.

"పెద్దాయనా, నువ్వుండబట్టే మా నాయన కదల్లే. కూడు దొరుకుతాదని ఆయన్ని పట్టుకోని ఉంటే ఎట్లప్పా?"

కుళ్ళాయప్పకు కోపం రాలేదు.

"నిజమే సామీ. నేనుంటే కదలడు."

"నీకెవురూ లేరా?"

"గోరంట్లలో కూతురుండాది. రమ్మని ఒకటే పోరు. పొద్దున్నే పోతా."

ఆ రాత్రి నరసింహులు మిద్దె మీద పడుకున్నాడు. తెల్లారి కుళ్ళాయప్ప తువ్వాలు భుజాన వేసుకుని బయల్దేరాడు. తిమ్మన్న మంచం మీంచే చూస్తూ ఉండిపోయాడు. పోతున్నవాడు వెనక్కి తిరగలేదు.

"పోదాం పారా," అన్నాడు తిమ్మన్న కాసేపటికి.

ఇంత సులువుగా అవుతుందని నరసింహులు అనుకోలేదు. సంబరంగా చెయ్యి అందించాడు. నాయన కాళ్ళు నిలవలేదు. చంటిబిడ్డను ఎత్తినట్టు ఎత్తాల్సి వచ్చింది.

"ఎప్పట్నించి నాయనా ఇట్ల?"

"ఉగాదికి ముందునించే. నన్నెత్తి బయటికి తీసకపోయేది, కడిగేది, గుడ్డలుతికేది, అంతా వాడే. 'నాకూ సత్తువ తగ్గుతాండాది తిమ్మన్నా, కొడుకు దగ్గరికి పో' అని దినామూ చెప్తానే ఉండె. వాన్ని ఒంటిగా ఇడిసి నేను పోనంటి."

నరసింహులు నాయనను మెల్లగా మళ్ళీ కూర్చోబెట్టాడు.

"గోరంట్లకు పోయి పిలుచుకోనొస్తా నాయనా. ఆయన కూడా మనింట్లోనే ఉంటాడు. కూతురి పేరేంది చెప్పు."

తిమ్మన్న కొడుకు చెయ్యి పట్టుకున్నాడు.

"యాడని ఎతుకుతావురా? వానికి పెండ్లే కాలేదు."