తప్పిన గీత

కోత గీత రాజలింగు చెవి మీదుగా పోయింది.

నవత అక్రిలిక్ షీటు పైకెత్తి చూసింది. చెక్కిన ముఖాలు బాగానే ఉన్నాయి. పేర్లూ బాగానే ఉన్నాయి. వాటి చుట్టూ కోసిన గీత పక్కకు జరిగింది. ఒకరికి చెవి పోయింది, ఇంకొకరికి పేరులో ఆఖరి అక్షరం పోయింది.

బెల్లంపల్లిలో లేజర్ మిషన్ పెట్టాక ఆమెకు వచ్చిన మొదటి పెద్ద పని ఇది. గనిలో రిటైరైన వాళ్లకు యూనియన్ ఇచ్చే జ్ఞాపికలు. శుక్రవారం సాయంత్రం సభ. మంచిగా చేస్తే ఇక నెలనెలా ఆమెకే ఇస్తానని యూనియన్ లక్ష్మణ్ మాటిచ్చాడు. లేకుంటే పని మంచిర్యాలకు పోతుంది.

మిషన్ అమ్మిన కరీంనగర్ ప్రేమ్‌సాగర్‌కు ఫోన్ చేసింది.

"బెల్టు వదులైందేమో చూడుండ్రి మేడం."

"బిగించిన."

"లోపటి అద్దాలు?"

"తుడిచిన. చిన్న ముక్క పెడితే మంచిగనే వస్తుంది సార్. పెద్ద షీటుకే గీత తప్పుతుంది."

"అయితే చెక్కుడుకు, కోతకు నడుమ కదులుతుంది. వెంట్రుకంత కదిలినా గంతే. దగ్గర్ల పిండి గిర్ని గానీ, పెద్ద మోటార్లు గానీ, అదిరేటియి ఏమన్నా ఉన్నయా?"

"ఏం లెవ్వు సార్. నిమ్మలమైన జాగ."

మర్నాడు, బుధవారం, ఒక ముసలాయన మూటతో దుకాణంలోకి వచ్చాడు. తెల్ల గడ్డం. ఎడమ కనుబొమ్మను రెండు చేసిన పాత గాటు.

"ఏం గావాలె చాచా?"

"ఏం వద్దు బేటీ. జర కూసుంట."

ఫ్యాన్ గాలికి వచ్చాడనుకుంది నవత.

అతను స్టూలు మీద కూర్చుని గోడకేసి చూశాడు. పైకప్పు నుంచి నేల దాకా పగులు.

"గీ గోడ ఎప్పటి సంది పగిలింది?"

"నా చిన్నప్పటి సంది గంతే. బాపు సిమెంటు పెడుతుండె, అది రాలుతుండె. ఇప్పుడు పెడుతలేం."

అతను పగులును నేల దాకా చూసి మిషన్ వైపు తిరిగాడు.

రెండు గంటలకు ఓపెన్‌కాస్ట్ గని సైరన్ మోగింది. బొగ్గు కోసం బాంబు పేల్చే ముందు రోజూ మోగేదే. నవత తల కూడా ఎత్తలేదు. షీటు మీద పొద్దున మొదలైన చెక్కడం అయిపోవస్తోంది, కోత మొదలు కావాలి.

ముసలాయన లేచి వచ్చాడు. మిషన్ అంచు మీద రెండు చేతులూ వేసి, ఒంటి బరువంతా మోపి నిలబడ్డాడు.

"ఏయ్ చాచా! ముట్టకు! కదిలితే నా పని ఖరాబైతది!"

అతను చేతులు తీయలేదు. బాంబు పేలింది. అప్పుడు తీసి, వెళ్లి స్టూలు మీద కూర్చున్నాడు.

ఆ షీటు సరిగ్గా వచ్చింది. బెల్టు బిగించినందుకు ఫలితం దక్కిందనుకుంది నవత.

"రేపటి సంది లోపటికి రాకు చాచా. నిలవడరాకుంటే గోడ వట్టుకోవాలె. మిషన్ వట్టుకుంటే ఎట్ల?"

"అచ్ఛా బేటీ."

గురువారం అతను బయట మెట్ల మీద కూర్చున్నాడు. సైరన్ మోగగానే లేచి గడప దాకా వచ్చాడు. నవత అరచెయ్యి అడ్డం పెట్టింది. అతను మిషన్ వైపు చూశాడు. ఆమె వైపు చూశాడు. మూట తీసుకుని వెళ్లిపోయాడు.

ఆ షీటుకు మళ్లీ గీత తప్పింది.

నవత దాన్ని మూలకు పడేసింది. బెల్టు మళ్లీ విప్పే ఓపిక లేదు. ఇంకొక్క షీటే ఉంది.

శుక్రవారం పొద్దున్నే ఆ షీటు ఎక్కించింది. మధ్యాహ్నం తల్లి కోమల అన్నం తెచ్చింది.

"పొద్దటి సంది ఏం తినలే. గా మిషన్‌కు కాళ్లొచ్చి ఏటన్నా పోతదా? తిను."

సైరన్ మోగింది. కోమల మాట ఆపకుండానే చారు గిన్నె మీద చెయ్యి పెట్టింది.

"ముఖం సూడు, ఎట్ల గుంజుకపోయిందో. మీ బాపు గూడ గిట్లనే..."

నవత ఆ చేతిని చూసింది.

"అవ్వా, గిన్నె ఎందుకు పట్టుకున్నవ్?"

"పట్టుకోకుంటే చారు ఒలుకదా? నీకేమన్నా కొత్తనా?"

నవత ఒక్క ఉరుకున లేచింది. మిషన్ అంచు మీద రెండు చేతులూ వేసి, ఒంటి బరువంతా మోపింది.

బాంబు పేలింది. ఆమె అరచేతుల కింద మిషన్ ఒక్కసారి ఎగిరి ఆగింది.

నిమ్మలమైన జాగ అని ఫోన్‌లో తనే చెప్పింది.

ఈసారి కోత గీత ఏ ముఖాన్నీ తాకలేదు.

సాయంత్రం లక్ష్మణ్ వచ్చేసరికి ఆమె జ్ఞాపికలు తుడుస్తోంది. ఉద్యోగంలో చేరిననాటి ఫొటోలు, అందరూ పాతికేళ్ల లోపు వాళ్లే. ఒక ముఖం దగ్గర బట్ట ఆగింది. గడ్డం లేదు. ఎడమ కనుబొమ్మ రెండుగా చీలి ఉంది. కింద పేరు, ఖాసిం. నిన్నటి షీటులో ఆ ముఖాన్ని కోసి పారేసింది.

"అన్నా, గీ చాచా సభకు వస్తడా?"

"రాడు. మంగళారం కంపెనీ క్వార్టర్ అప్పజెప్పిండు. సభ దాకా ఆఫీసుల కూసోమంటే ఇనలే. నీకు గీత తప్పుతున్నదని నేనంటే ఇని, 'లేజర్ దుకాండ్ల నాకు పనున్నది' అని పోయేటోడు. ఏం పనో ఏమో! ఇయ్యాల పొద్దుగాల 'గా పని గూడ అయిపోయింది లక్ష్మణ్' అని జైనూర్ బస్సెక్కిండు. ఆడ చెల్లెలున్నదట."

నవత జ్ఞాపిక కింద పెట్టలేదు.

"గనిల ఏం పని చేసేటోడన్నా?"

"నీకెర్కలేదా?" అన్నాడు లక్ష్మణ్, గోడ పగులుకు ఆనుకుని. "నువ్వు పుట్టకముందు సంది, రోజూ రెండింటికి గా బాంబు పేల్చింది గీయనే."